జైనాబీ తప్పు లెక్క

అబ్బులు మా స్కూలుకి వచ్చిన మొదటి రోజే నాకు నచ్చలేదు. తరువాత నచ్చడానికి కారణమూ కనబడలేదు.

అనకాపల్లిలో ట్రైనింగు స్కూలు పక్కనే మా మోడల్ స్కూలు. పంతుళ్లు కాబోయేవాళ్లు పొద్దున్న అక్కడ కూర్చుని వింటారు. మధ్యాహ్నం ఇక్కడికొచ్చి మా పిల్లలకి పాఠం చెప్పి అలవాటు చేసుకుంటారు. ఏడాది చివర ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆయన ముందు చెప్పేది పరీక్ష పాఠం. అది చెప్పగలిగినవాడు పంతులవుతాడు. చెప్పలేనివాడు ఇంటికి పోతాడు.

రెండో తరగతీ మూడో తరగతీ నా చేతిలో ఉండేవి. నేను కొండకర్లలో వీధిబడిలో చదివినవాణ్ణి. ఇసకలో దిద్దిన వేలు నాది. దెబ్బలు తిని పుస్తకం భాష నేర్చుకున్నాను. పట్నంలో పుట్టి పెరిగిన కుర్రాళ్లు మడత నలగని పంచెలు కట్టుకుని వచ్చి నా పిల్లలకి పాఠం చెబుతుంటే, వెనక గోడ దగ్గర స్టూలు మీద కూర్చునేవాణ్ణి. క్లాసు మేష్టారు అక్కడ కూర్చోవాలని రూలు.

కుర్రపంతుళ్లు తమ వల్లే పిల్లలు కదలకుండా ఉన్నారనుకునేవారు. పిల్లల చూపు వాళ్ల మీద ఉండేది కాదు. మాటిమాటికీ వెనక్కి తిరిగి నన్ను చూసుకునేవారు. నేను కనుబొమ్మ ఎత్తితే చేతులు లేచేవి. దించితే దిగేవి. ఇది ట్రైనింగు పంతుళ్లకి మెల్లగా తెలిసేది. తెలిశాక నా ఇంటికి వచ్చేవారు.

ఎందుకు వచ్చేవారో చెప్పాలి. మోడల్ స్కూలు పిల్లలతో ఒక చిక్కుంది. ఏటేటా అవే పాఠాలు, చెప్పే మనిషి మారితే మారతాడు. వినీ వినీ వాళ్లకి అన్నీ వచ్చేస్తాయి. పంతులు ప్రశ్న పూర్తి చేసేలోపు జవాబు చెప్పేస్తారు. అందరికీ అన్నీ వచ్చేస్తే ఇన్‌స్పెక్టరు ముందు పంతులు చేసేదేముంది? ఎవరో ఒకరు తప్పు చెప్పాలి. పంతులు ఆ తప్పు దిద్దాలి. ఆ దిద్దడం చూసే ఇన్‌స్పెక్టరు మార్కులు వేస్తాడు. అందుకని పరీక్ష పాఠానికి ముందు ప్రతివాడూ మా అరుగు ఎక్కి, చిన్న బెల్లం ముక్క పక్కన పెట్టి, నసిగేవాడు. నేను ఒక పిల్లాడికి చెప్పేవాణ్ణి, ఫలానా ప్రశ్నకి ఫలానా తప్పు చెప్పరా అని. వాడు చెప్పేవాడు. పంతులు ప్యాసయ్యేవాడు.

ఇందులో మోసం ఏమీ నాకు కనబడలేదు. ఇప్పటికీ కనబడదు.

ఒక్క పిల్ల మాత్రం నా మాట వినలేదు. కళాయి పూసే సర్దార్ కూతురు జైనాబీ. బజారులో తండ్రి కొలిమి దగ్గర కూర్చుని, వచ్చిన గిన్నెలు ఎవరివో, ఏ పూటకి ఇవ్వాలో నోటితోనే చెప్పేది. లెక్కలో తప్పడం ఆ పిల్లకి తెలియదు. అది రెండో తరగతిలో ఉండగా ఒక ట్రైనింగు పంతులు కోసం దాన్ని తప్పు చెప్పమన్నాను. తల అడ్డంగా ఊపింది.

“తెలిసింది తెల్దని ఎలాగ సెప్పనండి మేష్టారూ?” అంది.

బెంచీ ఎక్కించాను. నిలబడింది కానీ చెప్పలేదు. నాకు కోపం రాలేదు. ఆ పని ఇంకొకడికి అప్పజెప్పాను. తప్పు చెప్పడం చేతకాని పిల్ల నా క్లాసులో ఉందని, అది నేను తయారుచేసిన పిల్ల అని, చాలాకాలం మనసులో పెట్టుకుని తిరిగాను. నాకు అలా పెట్టుకుని తిరగడానికి వేరే ఏమీ లేవు.

మా ఆవిడ అప్పలకొండమ్మ పోయి అప్పటికి రెండేళ్లు దాటింది. పెళ్లయిన కొత్తలో ఆమెకి చదువు రాదన్నారు. సరే, నేను పంతుల్ని కదా అని సాయంత్రాలు పలక ముందు కూర్చోబెట్టి నేర్పాను. ఏళ్ల తరబడి నేర్పాను. ఒత్తుల దగ్గర తడబడేది. నేను విసుక్కుంటే నవ్వి, మళ్లీ చెప్పండి అనేది. మళ్లీ చెప్పేవాణ్ణి. ఆమె పోయిన పదో రోజున ఆమె అక్క చిన్నమ్మలు ఏడుస్తూ ఏదో చెబుతూ, చెల్లెలు పుట్టింట్లో ఉండగా వాడకట్టంతటికీ ఉత్తరాలు చదివి పెట్టేదని అంది. నేను నమ్మలేదు. చదువు రానిది ఎలా చదివిందని అడిగాను.

“దానికి సదువు రాకపోడఁవేటి మరిదీ? నువ్వు నేర్పుతుంటే నీ మొకం బాగుండీదంట. అందుకే ఊరుకున్నాదంట,” అంది.

మనిషి బతికుండగా చెప్పని మాట పోయాక చెబితే ఏం చేసుకోవాలి? అన్నేళ్లు నన్ను వెర్రివాణ్ణి చేసిందనుకున్నాను. ఆ సంగతి ఆమెను ఎదురుగా నిలబెట్టి అడగడానికి లేదు. ఆ పలక అటక మీద పారేశాను.

ఆ పరిస్థితిలో ఉండగా అబ్బులు వచ్చాడు. యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరికేది కాదు. మాకవరపాలెం వైపు ఏదో పల్లెలో ట్రైనింగు లేకుండానే బోర్డు స్కూలు పంతులుగా ఉండేవాడు. ఒకసారి ట్రైనింగుకి వచ్చి పరీక్ష తప్పాడు. ఈసారి కూడా తప్పితే ఆ ఉద్యోగం తీసేస్తామని బోర్డువాళ్లు చెప్పేశారు. ఈ సంగతి అతనే మొదటి రోజు అందరిముందూ నవ్వుతూ చెప్పాడు. దాచుకోవలసిన సంగతి నవ్వుతూ చెప్పేవాణ్ణి నేను నమ్మను.

మా ఇంటి ఎదుట గది అద్దెకి తీసుకున్నాడు. వారం తిరక్కుండా నా క్లాసు పిల్లలు అతని అరుగు మీద చేరారు. అప్పలకొండమ్మ ఉన్నప్పుడు వాళ్లు మా అరుగు మీద ఆడుకునేవారు. ఆమె మరమరాలు పెట్టేది. ఆమె పోయిన రోజు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చారు. తరువాత ఒక్కరూ రాలేదు. నేను పిలవలేదు. పిల్లలు పంతులు ఇంటికి భయపడాలి, అది పద్ధతి అనుకున్నాను. కానీ ఎదుటి అరుగు మీద వాళ్ల గోల వినబడుతుంటే తలుపు వేసుకునేవాణ్ణి. వేసుకున్నా వినబడేది. జైనాబీ గొంతు అందులో వేరుగా తెలిసేది.

క్లాసులో అబ్బులు పుస్తకం భాష మాట్లాడేవాడు కాదు. సెప్పండి, సూడండి, ఏటి అన్నావమ్మా, ఇదీ వరస. ట్రైనింగు స్కూల్లో క్రిటిసిజం పాఠం అని ఒకటుంది. ఒకడు పాఠం చెబుతాడు, మిగతావాళ్లు వెనక కూర్చుని వింటారు. అయ్యాక ఒక్కొక్కరే లేచి తప్పులు ఎంచుతారు. చెప్పినవాడు నోరెత్తకుండా నిలబడి వినాలి. అబ్బులు పాఠానికి నన్ను కూడా అడిగారు. ఆ నాలుక పంతులుది కాదని, సంతలో పశువుల్ని బేరం చేసేవాడిదని అన్నాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. సాయంత్రం వీధిలో ఎదురుపడితే, మా నాన్న పశువుల బేరగాడేనండి, మీకెలా తెలిసిందని అడిగాడు. ఎగతాళికి అన్నాడో నిజానికి అన్నాడో నాకు అర్థం కాలేదు.

తరువాతి పాఠానికి చాపలు గుండ్రంగా వేయించాడు. బెల్లం కొట్టు నుంచి పెద్ద త్రాసు అరువు తెచ్చి మధ్యలో పెట్టాడు. సగంమంది పిల్లల వీపులు నా వైపు ఉన్నాయి. మిగతా సగం నాకు ఎదురుగానే ఉన్నారు కానీ త్రాసునే చూస్తున్నారు. నేను కనుబొమ్మ ఎత్తాను. దించాను. ఎవరూ చూడలేదు.

ఇన్నేళ్లలో మొదటిసారి నా స్టూలు మీద నేను ఊరికే కూర్చున్నాను.

ఇంటికొచ్చి ఒక ఆలోచన చేసుకుని కాస్త ఊరట పడ్డాను. ఎంత గుండ్రంగా కూర్చోబెట్టినా తప్పు చెప్పే పిల్ల కావాలి. దానికి నా దగ్గరికి రాక తప్పదు. వచ్చినప్పుడు ఏం చేయాలో నిర్ణయించుకోలేదు. కాసేపు నిలబెట్టి ఒప్పుకునేవాణ్ణేమో. రావడం మాత్రం చూడాలనుకున్నాను.

పరీక్ష పాఠం ముందురోజు సాయంత్రం అరుగు మీద కూర్చున్నాను. మిగతా ట్రైనింగు పంతుళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చి పని చక్కబెట్టుకుని వెళ్లారు. మునగపాక వైపు బళ్లు బెల్లం దింపి ఖాళీగా వెళ్తున్నాయి. అబ్బులు గదిలోంచి బయటికొచ్చి, చొక్కా ఉతికి దండెం మీద ఆరేసి, భోజనం అయిందా మేష్టారూ అని పలకరించాడు. మళ్లీ లోపలికి పోబోయాడు. నేనే ఆపాను.

“రేపు నీ పాఠం కదా. నాతో పనేమైనా ఉందా?”

“ఏటీ లేదండి. పిల్లలున్నారు కదండి,” అన్నాడు.

నా పిల్లలు. ఆ మాట నాతోనే అన్నాడు.

పరీక్ష పాఠానికి క్లాసు మేష్టారు లోపల ఉండకూడదు. వరండాలో తలుపు పక్కన కూర్చున్నాను. అక్కడి నుంచి అంతా కనబడుతుంది. ఇన్‌స్పెక్టరు దక్షిణాది జిల్లాల మనిషి. తలపాగా, గడియారం, పొడి మాటలు. పాఠం తూనికలు. త్రాసు, మణుగు రాయి, వీశె రాళ్లు, తాటాకు బుట్టలో బెల్లం ముద్దలు, అన్నీ సర్ది ఉన్నాయి.

అబ్బులు మణుగు రాయి చూపించి, దీనికి ఎన్ని వీశెలు తూగుతాయో ఎవరైనా చెప్పగలరా అని అడిగాడు. మొత్తం క్లాసు ఒక్క గొంతుతో ఎనిమిది అంది. బెల్లం ఊళ్లో పుట్టిన పిల్లలు. ఎనిమిది వీశెలు మణుగని వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. అతను వీశె రాయి ఎత్తబోయి దింపేశాడు. తూచి చూపించవలసింది వాళ్లు అప్పుడే చెప్పేశారు. ఇరవైనాలుగు వీశెలు అన్నాడు. మూడు మణుగులన్నారు. నలభై అన్నాడు. ఐదన్నారు. ఇంక అడగడానికి లేదు. పాఠం మొదలైన చోటే అయిపోయింది.

ఇన్‌స్పెక్టరు గడియారం చూశాడు. కలం మూత పెట్టాడు.

అబ్బులు నుదుటి మీద చెమట నాకు కనబడింది. చేతిలో వీశె రాయి అటూ ఇటూ మార్చుకుంటున్నాడు. సంతోషించానా అంటే, అవును. ఒక్కసారి తలుపు వైపు చూస్తాడని, నన్ను చూస్తాడని కాచుకున్నాను. చూడలేదు. ఆఖరిసారి అడిగినట్టుగా, బొంగురు గొంతుతో, మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. మణుగుకి ఎన్ని వీశెలమ్మా?

జైనాబీ లేచి నిలబడింది.

“పది వీశెలండి,” అంది.

పిల్లలు దాని వైపు తిరిగారు. ఎవడో కిసుక్కుమన్నాడు. అబ్బులు కూడా దాన్ని చూశాడు. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అతను చెప్పించలేదని నాకు అప్పుడే తెలిసింది. చెప్పించినవాడి ముఖం అలా ఉండదు. అది తనంతట తనే లేచింది.

“పదా? అయితే ఇలాగొచ్చి తూయమ్మా, సూద్దాం,” అన్నాడు. గొంతు మారిపోయింది.

మణుగు రాయి ఒక పళ్లెంలో పెట్టాడు. జైనాబీ వీశె రాళ్లు ఒక్కొక్కటీ రెండో పళ్లెంలో వేస్తోంది. పిల్లలంతా గట్టిగా లెక్కపెడుతున్నారు. ఎనిమిదోది వేసేసరికి ముల్లు నిటారుగా నిలబడింది. మిగిలిన రెండు రాళ్లు చేతిలో పట్టుకుని అది దిక్కులు చూసింది. ఎంత బాగా చూసిందంటే, తెలియనివాడెవడైనా నమ్ముతాడు. ఆ రెండూ ఎక్కడెట్టుకుంటావని అబ్బులు అడిగాడు. తప్పైపోనాదండి అంది. క్లాసంతా నవ్వింది. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వాడు. కలం మూత తీసి రాసుకున్నాడు. అక్కడి నుంచి పాఠం నీళ్లలా సాగింది.

నేను వరండాలో కూర్చుని ఉన్నాను. జైనాబీ నా కోసం బెంచీ మీద నిలబడింది కానీ తప్పు చెప్పలేదు. ఇతని కోసం ఎవరూ అడక్కుండానే చెప్పింది. తెలిసింది తెలియదని ఎలా చెప్పాలో దానికి ఎవరు నేర్పారు? నేను మాత్రం కాదు. నా ఇంట్లో అన్నేళ్లు ఒకామె అలాగే తడబడి, నవ్వి, మళ్లీ చెప్పండి అంటుంటే కనిపెట్టలేకపోయాను. దీన్ని మాత్రం ఒక్క చూపులో కనిపెట్టాను.

ఇన్‌స్పెక్టరు బయటికి వచ్చాడు. నన్ను చూసి ఆగాడు. కుర్రాడు పరవాలేదని, ముఖ్యంగా ఆ మందమతి పిల్లకి ఓపిగ్గా బోధపరిచాడని అన్నాడు. ఆ పిల్ల పేరేమిటని అడిగాడు.

“జైనాబీ అండి. అది మందమతి కాదు. రెండో తరగతిలోనే దానికి ఈ లెక్కలన్నీ వచ్చు,” అన్నాను.

ఉన్నమాటే చెప్పాను. నా పిల్లని మందమతి అంటే ఊరుకోవాలా? ఆ రోజు అదే చెప్పాను, ఇవాళ అడిగినా అదే చెబుతాను.

ఆయన ముఖం ముడుచుకుంది. మళ్లీ లోపలికి వెళ్లాడు. నేనూ వెనక వెళ్లాను. జైనాబీని లేపి, మణుగుకి ఎన్ని వీశెలో నీకు ముందే తెలుసా అని అడిగాడు.

“తెల్దండి,” అంది.

“నీ మేష్టారు తెలుసంటున్నారే.”

అది నా వైపు చూసింది. అంతకుముందు ఎన్నో వేలసార్లు చూసింది. ఆ చూపు వేరు.

“తెల్దండి,” అంది మళ్లీ.

ఏడెనిమిదులెంతని అడిగాడు ఇన్‌స్పెక్టరు. యాభై అంది. తొమ్మిదైదులు అడిగాడు. కళ్లు మూసుకుని ముప్పై అంది. అయిదు మూళ్లు అడిగాడు. ఇరవై అంది. మొదట పిల్లలు నవ్వారు. తరువాత నవ్వడం మానేశారు. అది పావడా కుచ్చెళ్లు పిడికిళ్లలో నలుపుతూ, అడిగిన ప్రతిదానికీ తప్పే చెబుతోంది. ఒక్కటి పొరపాటున సరిగ్గా వస్తుందేమోనని చూశాను. రాలేదు. అన్ని తప్పులు గుర్తుపెట్టుకుని చెప్పాలంటే ఎన్ని ఒప్పులు తెలియాలో ఆయనకి తెలియలేదు. నాకు తెలిసింది. కన్నీళ్లు కారుతున్నా అది తుడుచుకోలేదు.

ఆయన నా వైపు తిరిగి, ఈ పిల్లకి ఎక్కాలు కూడా రావు, మీరు ఏం చెబుతున్నారని గద్దించాడు. ఇంకొక ప్రశ్న అడిగి వదిలేసేవాడే. పాఠం నెగ్గేదే. అప్పుడు అబ్బులు ముందుకొచ్చి దాని పక్కన నిలబడ్డాడు.

“ఇంక అడక్కండి సార్. ఆ పిల్లకి అన్నీ వచ్చు. నా పాఠం ఆగిపోయిందని అలాగ సెప్పింది. మా అందర్లోకీ తెలివైంది అదే,” అన్నాడు.

జైనాబీ అతని చొక్కా పట్టుకుని లాగింది, చెప్పవద్దన్నట్టు. అతను దాని తల మీద చేయి వేశాడు.

ఇన్‌స్పెక్టరు రాసుకున్న కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి వెళ్లిపోయాడు.

రెండు రోజుల తరువాత అబ్బులు గది ఖాళీ చేశాడు. రేకు పెట్టె బండిలో పెట్టించి, రోడ్డు దాటి మా అరుగు దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

“ఆ పిల్ల మీద కోపం ఎట్టుకోకండి మేష్టారూ,” అన్నాడు.

అంతే. తన సంగతి ఒక్క ముక్క కూడా అనలేదు. ఉద్యోగం పోయినవాడికి ఆ పెద్దమనిషి తరహా ఎందుకు? అక్కడ కూడా నన్ను చిన్నవాణ్ణి చేసి పోయాడు. ఆ ఒక్క మాటకి అతన్ని నేను క్షమించలేదు. పిల్లలు బండి వెనక రోడ్డు మలుపు దాకా పరిగెత్తారు. తిరిగి వచ్చేటప్పుడు మా అరుగు ముందు నుంచే వచ్చారు. ఎవరూ తల తిప్పలేదు.

మర్నాడు చాపలు మళ్లీ వరసగా వేయించాను. పిల్లలు వరసగా కూర్చున్నారు. చెప్పిన మాట విన్నారు. స్టూలు ఖాళీగా వెనక గోడ దగ్గర ఉంది. జైనాబీని లేపాను.

“మణుగుకి ఎన్ని వీశెలే?”

“ఎనిమిదండి.”

ఏడెనిమిదులు అడిగాను. యాభైయారు అంది. తొమ్మిదైదులు, నలభైఐదు. కళ్లు నేలకి దించుకుని, ఆలస్యం చేయకుండా, ఒక్కొక్కటే అప్పజెప్పింది. పెద్ద లెక్క ఇచ్చాను. చేసింది. అది కూర్చున్నాక నేనే బోర్డు మీద ఒక కూడిక కావాలని తప్పు వేసి, సరేనా అని అడిగాను. ఊరుకుంటుందేమో, పోనీలే అని నన్ను ఒక్కసారి వదిలేస్తుందేమో అని చూశాను.

“తప్పండి. మూడు రావాలండి,” అంది.

వెళ్లి దిద్దాను. చేతికి సుద్ద అంటింది.

అది నాలుగో తరగతికి పోయేదాకా రోజూ ఏదో ఒకటి అడిగాను. బాగా కష్టమైనవి అడిగాను, దాని వయసుకి రానివి అడిగాను. తడబడితే చాలు, దగ్గర కూర్చోబెట్టుకుని మళ్లీ చెబుదామనుకున్నాను. జైనాబీ నా దగ్గర ఒక్క లెక్కా తప్పలేదు.